ప్రాణం దక్కితే చాలదా అంటున్నారు… నేను అడుగుతున్నది తప్పా?

ప్రశ్న: నా వయసు 43. ఖమ్మం జిల్లాలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్‌గా చేస్తున్నాను. నెల క్రితం స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ము కింది వైపు గడ్డ చేతికి తగిలింది. బయాప్సీలో క్యాన్సర్ అని తేలింది. గడ్డ 3 సెంటీమీటర్లు ఉందట. చంకలో ఒక గ్రంథి కాస్త పెద్దదిగా ఉందని స్కానింగ్ రిపోర్టులో రాశారు. ఈఆర్, పీఆర్ పాజిటివ్ అని, హర్-2 అన్నచోట 2+ అని ఉంది. అయిదేళ్లుగా షుగర్ ఉంది, మొన్న హెచ్‌బీఏ1సీ 8.6 వచ్చింది. నాది కాస్త భారీ ఛాతీ. ఇక్కడి సర్జన్ గారు రొమ్ము మొత్తం తీసేద్దాం, వచ్చే వారం అడ్మిట్ అవ్వండి అన్నారు. హైదరాబాద్‌లో చూపిస్తే ఇంకో డాక్టర్ గారు గడ్డ వరకే తీసి అదే ఆపరేషన్‌లో ఆకారం సరిచేయొచ్చు, మొత్తం తీయాల్సి వచ్చినా వెంటనే మళ్లీ తయారుచేయొచ్చు అన్నారు. నాకు అదే కావాలనిపిస్తోంది. మా అత్తయ్య మాత్రం ‘ఎదిగిన పిల్లని పెట్టుకుని ఈ వయసులో ఇవన్నీ ఎందుకు, ప్రాణం దక్కితే చాలదా’ అంటున్నారు. అలా చేయిస్తే లోపల మళ్లీ వచ్చినా తెలియదని మా అన్నయ్య భయపెడుతున్నాడు. ప్లాస్టిక్ సర్జరీకి ఇన్సూరెన్స్ రాదని మావారి ఆఫీసులో ఎవరో అన్నారట. ఆయన మాత్రం ఏమీ మాట్లాడటం లేదు. నేను అడుగుతున్నది తప్పా? ఇంకో మాట, మా పిన్ని అండాశయ క్యాన్సర్‌తో పోయింది. మా అమ్మాయికి 17 ఏళ్లు. దానికీ వస్తుందా?
– ఒక సోదరి, ఖమ్మం జిల్లా

జవాబు: తప్పు కాదమ్మా. ముందు ఆ మాట చెప్పి, మిగతావి తర్వాత మాట్లాడతాను.

నేను రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్లు చేసే సర్జన్‌ని. మీరు ఉత్తరంలో రాసిన ఈ ప్రశ్నని ఓపీలో అందరి ముందూ అడిగేవాళ్లు తక్కువ. వెంట వచ్చినవాళ్లు బిల్లు కట్టడానికి బయటికి వెళ్లాక, రిపోర్టులు కవర్లో సర్దుకుంటూ, తలుపు దాకా వెళ్లి ఆగి, ‘మొత్తం తీయకుండా కుదరదా డాక్టర్?’ అని మెల్లగా అడుగుతారు. అలా అడిగినందుకు సిగ్గుపడతారు కూడా. సిగ్గుపడాల్సిందేమీ లేదు. కాలికి క్యాన్సర్ వస్తే కాలు నిలబెట్టే మార్గం ఉందా అని ఇంటిల్లిపాదీ అడుగుతారు, ఎవరూ తప్పు పట్టరు. రొమ్ము విషయంలో మాత్రం ఆడవాళ్లు నోరు నొక్కుకోవాల్సి రావడం నాకు బాధగా ఉంటుంది.

ప్రాణమా, రొమ్మా అని అత్తయ్యగారు రెండింటినీ ఎదురెదురుగా పెడుతున్నారు. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే, రెండింటిలో ఒకటే ఎంచుకోవాల్సిన పరిస్థితి మీకు ఉన్నట్టు నాకు అనిపించడం లేదు. కాకపోతే ఆకారం గురించిన నిర్ణయం మొదటి ఆపరేషన్‌కి ముందే జరగాలి. ‘ముందు తీయించేసుకుందాం, మిగతాది తర్వాత చూద్దాం’ అనుకుంటే కొన్ని మంచి మార్గాలు ఆ రోజే మూసుకుపోతాయి. చర్మం, చనుమొన ఒకసారి తీసేశాక తిరిగి రావు. గడ్డ మాత్రమే తీసి సరిచేసే అవకాశం అసలే ఉండదు.

మొత్తం తీసేస్తేనే భద్రం అన్న నమ్మకం ఊరికే పుట్టలేదు. 19వ శతాబ్దం చివర్లో అమెరికాలో విలియం హాల్‌స్టెడ్ అనే సర్జన్ రొమ్ముతో పాటు కింది ఛాతీ కండరాల్నీ చంకలోని గ్రంథుల్నీ కలిపి తీసేసే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. కొన్ని తరాల పాటు అన్ని దేశాల్లోనూ అదే నడిచింది. 1970లలో ఇటలీలో ఉంబర్టో వెరోనేసి, అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్ ఈ నమ్మకాన్ని పరీక్షకు పెట్టారు. కొంతమందికి రొమ్ము మొత్తం తీశారు, కొంతమందికి గడ్డనీ దాని చుట్టూ కాస్త మంచి భాగాన్నీ తీసి రేడియేషన్ ఇచ్చారు. 20 ఏళ్ల పాటు వాళ్లని గమనించి 2002లో ఫలితాలు ప్రచురించారు. బతికి ఉన్నవాళ్ల సంఖ్యలో తేడా రాలేదు. ఉంచిన రొమ్ములో మళ్లీ గడ్డ రావడం కొంత ఎక్కువగా కనిపించిన మాట నిజమే, దాన్ని దాచను. కానీ అలా వచ్చినా ఆయుష్షులో తేడా పడలేదు. ఫిషర్ బృందం తీసుకున్నది 4 సెంటీమీటర్ల దాకా ఉన్న గడ్డల్ని. మీది 3.

గడ్డ తీయడాన్నీ ఆకారం నిలపడాన్నీ ఒకే ఆపరేషన్‌లో కలిపి చేసేదాన్ని ఆంకోప్లాస్టిక్ సర్జరీ అంటారు. ఇది క్యాన్సర్ ఆపరేషన్‌కి మొహమాటానికి తగిలించిన అలంకారం కాదు. లోపలి ఖాళీని ఎలా పూడ్చాలో తెలిసిన సర్జన్ గడ్డ చుట్టూ ఇంకా ఎక్కువ భాగం నిర్భయంగా తీయగలుగుతారు. ఆకారం పాడవుతుందేమోనని తక్కువ తీసి, అంచుల్లో క్యాన్సర్ మిగిలిపోయి, రెండోసారి థియేటర్‌కి తీసుకెళ్లాల్సిన అవసరం అలా తగ్గుతుంది.

ఇక మీ కేసుకి వద్దాం. వచ్చే వారం అడ్మిషన్ అన్న తేదీని కాస్త పక్కన పెట్టండి. రొమ్ము క్యాన్సర్ గంటల మీద పరిగెత్తాల్సిన ఎమర్జెన్సీ కాదు. సరైన పరీక్షలకి, రెండో అభిప్రాయానికి రెండు మూడు వారాలు పట్టినా నష్టం లేదు. అయితే ఆ వారాలు నెలలు కాకూడదు. మధ్యలో ఎవరైనా నాటు మందు, పసరు కట్టు అంటే అటువైపు వెళ్లకండి. నయమయ్యే దశలో ఉన్న గడ్డ చేతులు దాటిపోవడం అక్కడే ఎక్కువగా చూస్తుంటాం.

మీ రిపోర్టులో ఈఆర్, పీఆర్ పాజిటివ్ అంటే మీది ఆడ హార్మోన్ల ప్రభావంతో పెరిగే రకం అని. నన్ను ఆపింది మాత్రం హర్-2 దగ్గరున్న ఆ 2+. హర్-2 అంటే క్యాన్సర్ కణాల మీద ఉండే ఒక ప్రొటీన్. సున్నా, 1+ వస్తే హర్-2 నెగటివ్ కింద లెక్క. 3+ వస్తే పాజిటివ్. 2+ అంటే అటూ ఇటూ తేలలేదని అర్థం. అదే బయాప్సీ ముక్క మీద ఫిష్ అనే ఇంకో పరీక్ష చేస్తే గానీ తెలియదు. మళ్లీ సూది గుచ్చాల్సిన పని లేదు, ల్యాబ్‌లో దాచిన మైనపు దిమ్మె మీదే చేస్తారు. ఈ పరీక్ష ఆపరేషన్ తర్వాతైనా చేయొచ్చుగా అంటారేమో, వద్దు. ఫిష్ పాజిటివ్ వస్తే మీలా గడ్డ 2 సెంటీమీటర్లు దాటినవాళ్లకి సాధారణంగా ముందు కీమో, దాంతో పాటు ట్రాస్టుజుమాబ్ లాంటి హర్-2 మందులు ఇచ్చి, గడ్డ కరిగాక ఆపరేషన్ చేస్తారు. ఆ మందులకి చాలామందిలో గడ్డ బాగా చిన్నదవుతుంది, కొందరిలో ఆనవాలు కూడా మిగలదు. అప్పుడు తీయాల్సిన భాగం తగ్గుతుంది, మొత్తం తీయాలన్న మాటే మారిపోవచ్చు. ఆ దారిలో వెళ్తే కీమో మొదలుపెట్టేముందు గడ్డ లోపల ఒక చిన్న లోహపు క్లిప్ పెట్టించమని అడగండి. గడ్డ పూర్తిగా కరిగిపోతే అది ఎక్కడ ఉండేదో సర్జన్‌కి చూపించేది ఆ క్లిప్ ఒక్కటే.

చంకలో పెద్దదైన గ్రంథికి అల్ట్రాసౌండ్ చూస్తూ సూది పరీక్ష చేయించండి. జలుబుకీ చిన్న పుండుకీ కూడా గ్రంథులు ఉబ్బుతాయి కాబట్టి ‘కాస్త పెద్దది’ అన్నంత మాత్రాన క్యాన్సర్ పాకిందని కాదు. కానీ తెలియాలి. గ్రంథుల్లోకి పాకి ఉంటే రేడియేషన్ అవసరం పెరుగుతుంది. రేడియేషన్ ఉంటుందా లేదా అన్నదాన్ని బట్టి ఏ రకం పునర్నిర్మాణం చేయాలో మారుతుంది. అది కాసేపట్లో చెప్తాను.

మూడోది, ఉత్తరం చివర్లో ‘ఇంకో మాట’ అని రాసిన మీ పిన్నిగారి సంగతి. నేనైతే దాన్ని మొదటి లైన్లో రాయమంటాను. దగ్గరి రక్తసంబంధంలో ఒకరికి అండాశయ క్యాన్సర్, ఇంకొకరికి రొమ్ము క్యాన్సర్ వచ్చిందంటే బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 అనే జన్యువుల పరీక్ష చేయించాలి. రక్తంతోనో లాలాజలంతోనో చేస్తారు, ఫలితానికి కొన్ని వారాలు పడుతుంది. లోపం ఉందని తేలితే రెండో రొమ్ములోనూ అండాశయాల్లోనూ క్యాన్సర్ వచ్చే ముప్పు బాగా ఎక్కువ. అలాంటప్పుడు కొందరు రెండు రొమ్ములూ తీయించుకుని రెండింటినీ ఒకేసారి తయారుచేయించుకుంటారు. కొందరు గడ్డ మాత్రమే తీయించుకుని ఏటా ఎంఆర్‌ఐతో గమనించుకుంటారు. దేన్ని ఎంచుకున్నా ముందే తెలిసి ఎంచుకోవాలి. ఎందుకంటే పొట్ట నుంచి కణజాలం తెచ్చి రొమ్ము తయారుచేసే పద్ధతి జీవితంలో ఒక్కసారే కుదురుతుంది. ఇప్పుడు ఒకవైపుకి వాడేస్తే, రేపు రెండోవైపు తీయాల్సి వచ్చినప్పుడు పొట్ట ఉండదు.

ఈ మూడూ తేలాక ఖమ్మం సర్జన్ గారిని ఒక ప్రశ్న అడగండి, గౌరవంగానే: ‘సార్, నాకు మొత్తం తీయాలనడానికి కారణం ఏంటి?’ మొత్తం తీయాల్సిన కారణాలు నిజంగానే ఉంటాయి. రొమ్ములో వేర్వేరు చోట్ల గడ్డలుండటం, మామోగ్రామ్ అనే రొమ్ము ఎక్స్‌రేలో సున్నపు చుక్కలు రొమ్ము అంతటా పరుచుకుని ఉండటం, రొమ్ము సైజుకి గడ్డ మరీ పెద్దదవడం, చర్మం ఎర్రగా కమిలి నారింజ తొక్కలా మారే రకం క్యాన్సర్ అవడం, రేడియేషన్ ఇవ్వలేని పరిస్థితి ఉండటం. వీటిలో ఏదైనా ఉంటే ఆయన చెప్పింది సరైనదే. ‘అలా అయితేనే సేఫ్’ అన్న ఒక్క మాటే సమాధానమైతే, హైదరాబాద్ డాక్టర్ గారి సలహాని గట్టిగా పరిశీలించండి. హైదరాబాద్‌లో ప్రభుత్వ రంగంలో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి, నిమ్స్, ట్రస్టు నడిపే బసవతారకం ఆస్పత్రి లాంటి చోట్ల సర్జన్, కీమో డాక్టర్, రేడియేషన్ డాక్టర్ కలిసి కూర్చుని ఒక కేసు మాట్లాడుకునే ట్యూమర్ బోర్డులు ఉంటాయి. మీ కేసుని అలాంటి బోర్డులో పెట్టమని అడగడం మీ హక్కు.

మీరు రాసిన వివరాల్ని బట్టి, పరీక్షల్లో కొత్తగా ఏమీ బయటపడకపోతే, గడ్డ తీసి అక్కడికక్కడే సరిచేసే ఆపరేషన్‌కి మీరు బాగా సరిపోతారు. గడ్డ కింది వైపు ఉంది, ఛాతీ భారీగా ఉంది. కింది వైపు గడ్డని మామూలుగా కోసి కుట్టేస్తే, రేడియేషన్ తర్వాత చనుమొన కిందికి వంగిపోయి రొమ్ము పక్షి ముక్కులా అవుతుంది. దాన్ని తర్వాత బాగుచేయడం చాలా కష్టం. అందుకని పెద్ద రొమ్ముల సైజు తగ్గించే ఆపరేషన్‌లో ఏ భాగం తీస్తారో ఆ భాగంలోనే గడ్డ కూడా పోయేలా కోత వేస్తారు. మిగిలిన భాగాన్ని దగ్గరికి చేర్చి, చనుమొనని దాని రక్తనాళాలతో సహా పైకి జరిపి కుడతారు. రొమ్ము మునుపటికంటే చిన్నగా, కాస్త పైకి ఉంటుంది. రెండోవైపు కూడా సరిసమానంగా తగ్గించాల్సి వస్తుంది. అది అప్పుడే చేయొచ్చు, రేడియేషన్ అయి ఆరేడు నెలలు గడిచాక ఎడమవైపు ఎంత కుదించుకుందో చూసి కూడా చేయొచ్చు. మీకు షుగర్ ఉంది కాబట్టి నేనైతే రెండోవైపుని ఆపమంటాను. ఆరోగ్యంగా ఉన్న కుడివైపు కుట్లు మానక అసలైన కీమో వెనక్కిపోవడం నాకు ఇష్టం ఉండదు.

ఆపరేషన్ రోజు పొద్దున సర్జన్ మిమ్మల్ని నిలబెట్టి స్కెచ్ పెన్నుతో ఛాతీ మీద గీతలు గీస్తారు. పడుకుంటే రొమ్ము పక్కలకి జారిపోతుంది కాబట్టి ఆ గీతలు నిలబడి ఉండగానే గీయాలి. ఆ టైముకి మీరు రోజూ స్కూలుకి వేసుకెళ్లే బ్లౌజు ఒకటి వెంట తీసుకెళ్లండి. మచ్చ ఎక్కడిదాకా వస్తుంది, మెడ దగ్గర కనపడుతుందా అన్నది అద్దం ముందు అప్పుడే మాట్లాడుకోవచ్చు. థియేటర్లో గడ్డ బయటికి తీశాక సర్జన్ దానికి రెండు దారాలు కడతారు. పొట్టి దారం పైవైపుకి, పొడుగు దారం బయటివైపుకి అని చాలాచోట్ల వాడుక. పెథాలజీ డాక్టర్ ఆ దారాలు చూసి ఏ అంచు ఎటువైపుదో గుర్తుపట్టి, దానికి రంగులద్ది, రంగు తగిలిన చోట క్యాన్సర్ కణం ఉందా అని సూక్ష్మదర్శినిలో చూస్తారు. ఏ అంచులోనైనా ఉంటే మళ్లీ తీయాలి. ఇక్కడే ఆంకోప్లాస్టీలో ఒక చిక్కు ఉంది. లోపలి భాగాలన్నీ అటూ ఇటూ జరిపాక గడ్డ ఉన్న అసలు చోటు వెతికి పట్టుకోవడం సులువు కాదు. అందుకే తీసిన ముక్కకి థియేటర్లోనే ఎక్స్‌రేనో, ముక్కని గడ్డకట్టించి అప్పటికప్పుడు చూసే ఫ్రోజెన్ సెక్షనో చేస్తారా, గడ్డ ఉన్న గుంటలో టైటానియం క్లిప్పులు పెడతారా అని ముందే అడగండి. రేడియేషన్ డాక్టర్ చివర్లో గడ్డ చోటుకి అదనపు డోసు ఇవ్వాలంటే ఆ క్లిప్పులే దారి చూపిస్తాయి. ఈ రెండు ప్రశ్నలకి తడుముకోకుండా జవాబు చెప్పే సర్జన్‌కి ఈ పని అలవాటే అని నమ్మొచ్చు.

రేడియేషన్, ఊళ్లల్లో కరెంటు పెట్టడం అంటారే అది, రొమ్ముని ఉంచిన ఈ పద్ధతిలో దాదాపు తప్పనిసరి. ఇప్పుడు చాలాచోట్ల 15 సిటింగుల్లో, మూడు వారాల్లో అయిపోతోంది. అదనపు డోసుకి ఇంకొన్ని రోజులు. స్కూలు సెలవు లెక్కల్లో దీన్ని కూడా వేసుకోండి.

మొత్తం తీయక తప్పదని తేలిందనుకుందాం. అప్పటికీ దారి మూసుకుపోలేదు. గడ్డ చర్మానికీ చనుమొనకీ దూరంగా ఉంటే పైచర్మాన్ని, కొందరిలో చనుమొనని కూడా ఉంచి లోపలి కణజాలం అంతా తీస్తారు. ఆ ఖాళీని సిలికాన్ ఇంప్లాంట్‌తో నింపొచ్చు, మీ సొంత శరీరం నుంచి తెచ్చి నింపొచ్చు. ఇంప్లాంట్ ఆపరేషన్ చిన్నది, కోలుకోవడం త్వరగా. కానీ అది జీవితాంతం ఉండే వస్తువు కాదు, ఎప్పుడో ఒకప్పుడు మార్చాల్సి రావచ్చు. దాని మీద రేడియేషన్ పడితే చుట్టూ గట్టి పొర కట్టి రొమ్ము రాయిలా బిగుసుకుపోయే అవకాశం పెరుగుతుంది. మీ చంక గ్రంథి పరీక్ష ముందే కావాలన్నది ఇందుకే. ఇంప్లాంట్ పెట్టించుకుంటే దాని స్టిక్కర్ ఉన్న కార్డు భద్రపరుచుకోండి. గరుకు పైపొర ఉన్న కొన్ని రకాల ఇంప్లాంట్ల చుట్టూ అరుదుగా ఒక రకం లింఫోమా (రోగనిరోధక కణాల క్యాన్సర్) వస్తోందని తేలడంతో 2019లో అలెర్గాన్ కంపెనీ తన గరుకు రకాన్ని వెనక్కి తీసుకుంది. మీకు పెట్టింది ఏదో పదేళ్ల తర్వాతైనా తెలియాలంటే ఆ కార్డే ఆధారం.

సొంత కణజాలం అంటే మన దగ్గర ఎక్కువగా వీపు కండరం వాడతారు. వీపు మీద ఉండే వెడల్పాటి కండరాన్ని దాని రక్తనాళం తెగకుండా చంక కిందుగా ముందుకి తిప్పి తెస్తారు. నమ్మకమైన పద్ధతి. బరువైనవి పైనుంచి దించడం, చేతుల మీద బలం వేసి లేవడం లాంటి పనుల్లో కొంత బలహీనత ఉంటుంది, బోర్డు మీద రాయడానికి ఇబ్బంది ఉండదు. ఇంకోటి బొడ్డు కింద ఉండే కొవ్వునీ చర్మాన్నీ వాడేది, డీప్ ఫ్లాప్ అంటారు. కుండీలో మొక్కని వేళ్లతో సహా ఎత్తి ఇంకో నేలలో నాటినట్టు, ఆ భాగాన్ని సన్నటి రక్తనాళాలతో సహా విడదీసి, ఛాతీలోని నాళాలకి మైక్రోస్కోప్ కింద కలుపుతారు. రొమ్ము మెత్తగా సహజంగా వస్తుంది, వయసుతో పాటు మారుతుంది. కానీ ఆరు నుంచి పది గంటల ఆపరేషన్, అనుభవం ఉన్న ప్లాస్టిక్ సర్జన్ బృందం కావాలి. మొదటి రెండు రోజులు నర్సులు గంటగంటకీ వచ్చి ఆ భాగం వెచ్చగా ఉందా, రంగు మారిందా అని చూస్తూనే ఉంటారు.

వీటిలో ఏదైనా మీ షుగర్ దగ్గర ఆగుతుంది. 8.6 అంటే కుట్లు మానడం, ఇన్ఫెక్షన్ రాకుండా ఉండటం రెండూ కష్టమవుతాయి. హెచ్‌బీఏ1సీ గత మూడు నెలల సగటు కాబట్టి రెండు వారాల్లో ఆ అంకె పెద్దగా తగ్గదు. దాని కోసం క్యాన్సర్ ఆపరేషన్‌ని నెలల తరబడి ఆపకూడదు. రోజువారీ రీడింగులు మాత్రం ఇన్సులిన్‌తో కొద్ది రోజుల్లోనే దారిలోకి వస్తాయి. మీ షుగర్ డాక్టర్‌ని ఈ వారమే కలవండి. ముందు కీమో అని తేలితే నాలుగైదు నెలలు చేతిలో ఉంటాయి. కాకపోతే కీమోతో పాటు ఇచ్చే స్టెరాయిడ్లు షుగర్‌ని పెంచుతాయి, ఆ రోజుల్లో డోసు మార్చాల్సి రావచ్చని ముందే చెప్పి ఉంచండి.

మీ అన్నయ్యగారి భయానికి జవాబు. ఆకారం సరిచేయడం వల్ల క్యాన్సర్ తిరిగి రావడం పెరగదు. దాక్కోదు కూడా. మొత్తం తీసి పునర్నిర్మించిన చోట మళ్లీ వస్తే ఎక్కువగా చర్మం కిందే వస్తుంది, ఇంప్లాంట్ గానీ, ఫ్లాప్ అనే తెచ్చిపెట్టిన కణజాలం గానీ దానికి వెనక ఉంటాయి. కాబట్టి చేతికి తగులుతుంది. రొమ్ముని ఉంచినవాళ్లకి ఏటా మామోగ్రామ్ ఉంటుంది. ఒక్కటి తెలుసుకుని ఉండండి: జరిపి కుట్టిన కొవ్వులో కొంత భాగం రక్తం అందక గట్టిపడి, కొన్ని నెలలకి చిన్న గడ్డలా తగలొచ్చు. దానికి చాలామంది హడలిపోతారు. సాధారణంగా అది ప్రమాదం లేని గడ్డే, కానీ ఇంట్లో కూర్చుని తేల్చుకోకుండా స్కాన్ చేయించి తేల్చుకోవాలి.

కీమో ఆలస్యమవుతుందా అన్నది నిజంగా ఆలోచించాల్సిన విషయం. ఆపరేషన్ తర్వాత కీమో అవసరమైతే 4 నుంచి 6 వారాల్లో మొదలుపెట్టాలని చూస్తాం. పుండు మానకపోతే అది వెనక్కి జరుగుతుంది. గడ్డ తీసి సరిచేసే పద్ధతిలో ఈ సమస్య తక్కువ, పెద్ద ఫ్లాపుల్లోనూ ఇంప్లాంట్లలోనూ కొంచెం ఎక్కువ. ఈ కారణంగానే కొందరికి పునర్నిర్మాణాన్ని వాయిదా వేసి, చికిత్సలన్నీ అయ్యాక ఏడాదికో రెండేళ్లకో చేస్తాం. అది ఓడిపోయినట్టు కాదు. ముందే మాట్లాడుకుని వాయిదా వేసుకోవడానికీ, ఎవరూ చెప్పక తెలియకపోవడానికీ చాలా తేడా ఉంది.

ఆపరేషన్ తర్వాతి రోజుల గురించి ఎవరూ చెప్పని కొన్ని చిన్న సంగతులు. క్యాన్సర్ పాకితే ముందుగా చేరే చంకలోని మొదటి గ్రంథిని గుర్తించడానికి నీలం రంగు ఎక్కిస్తే మర్నాడు మూత్రం నీలంగా, ఆకుపచ్చగా రావచ్చు, కంగారు పడకండి. కోత లోపల ఊరే ద్రవాన్ని బయటికి తీసే డ్రెయిన్ బాటిల్ పెడితే రోజూ ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో ఒక కాగితం మీద రాయండి, తగ్గినప్పుడే తీస్తారు. ఆ బాటిల్‌ని చేత్తో పట్టుకుని తిరగకుండా గుడ్డ సంచి ఒకటి కుట్టించి మెళ్లో వేసుకుంటే నడక సులువు. గోడ మీద వేళ్లతో పైకి పాకే భుజం వ్యాయామం డాక్టర్ చెప్పిన రోజు నుంచి మానకండి. స్పర్శ విషయంలో మాత్రం ఆశ పెట్టను. మొత్తం తీసి మళ్లీ తయారుచేసిన రొమ్ము చూడటానికి బాగున్నా చాలావరకు మొద్దుబారి ఉంటుంది. రొమ్ముని ఉంచినవాళ్లకి స్పర్శ బాగానే మిగులుతుంది. నేను మీకు మొదటి దారినే చెప్పడానికి ఇదీ ఒక కారణం.

ఇన్సూరెన్స్ గురించి ఆఫీసులో చెప్పింది సగం నిజం. అందం కోసం చేసే ప్లాస్టిక్ సర్జరీకి ఇవ్వరు. కానీ బీమా కంపెనీల నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ పెట్టిన ప్రామాణిక మినహాయింపుల్లో ఆ నిబంధన, ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత చేసే పునర్నిర్మాణాన్ని వదిలిపెడుతూనే రాసి ఉంది. పాలసీ పుస్తకంలో ఎక్స్‌క్లూజన్ కోడ్ 08 దగ్గర చూడండి, ఆ పేజీ జిరాక్స్ తీసి పెట్టుకోండి. ముందస్తు అనుమతికి పంపే లెటర్‌లో సర్జన్ ‘క్యాన్సర్ శస్త్రచికిత్సలో భాగంగా పునర్నిర్మాణం’ అని స్పష్టంగా రాయాలి, ఒట్టి ‘ప్లాస్టీ’ అని రాస్తే బీమా కంపెనీ తరఫున క్లెయిములు చూసే టీపీఏ దగ్గర ఆగిపోతుంది. రెండోవైపు సైజు తగ్గించే ఆపరేషన్‌కి మాత్రం పేచీ పెట్టే అవకాశం ఉంది, విడిగా రాతపూర్వకంగా అడగండి. ఆరోగ్యశ్రీ కార్డు మీద వెళ్లేవాళ్లు ఆస్పత్రిలో ఉండే ఆరోగ్యమిత్రని కలిసి, గడ్డ తీసే ప్యాకేజీలో పునర్నిర్మాణం కలుస్తుందా, విడిగా ఉందా అని అడ్మిషన్‌కి ముందే కనుక్కోవాలి.

అత్తయ్యగారి మీద కోపం పెట్టుకోకండి. ఆవిడ చూసిన రోజుల్లో ఈ జబ్బు వచ్చినవాళ్లు బతకడమే గగనం, ఆ భయంతో అంటున్నారు. నేను ఆవిడతో మాట్లాడగలిగితే, కోడలు అడుగుతున్న ఆపరేషన్‌లో ప్రాణానికి ఏ లోటూ రాదని మాత్రమే చెప్తాను. మీరూ అదే చెప్పండి. ఇంకా మొండికేస్తే, నిర్ణయం మీది. వద్దనుకునే ఆడవాళ్లు కూడా ఉన్నారు. రెండో కోత అక్కర్లేదు, చదునుగా ఉన్నా పర్లేదు, బ్రాలో పెట్టుకునే మెత్త చాలు అంటారు. వాళ్ల నిర్ణయానికీ నేను అంతే విలువిస్తాను. వద్దనుకున్నా కావాలనుకున్నా ఆ మాట ఆమె నోటి నుంచే రావాలి.

మీవారు మాట్లాడటం లేదంటే పట్టించుకోవడం లేదని తీసుకోకండి. ‘ఆకారం ఉండాలి’ అంటే తన కోసం అడిగినట్టుంటుందేమో, ‘అక్కర్లేదు’ అంటే మిమ్మల్ని కాదన్నట్టుంటుందేమో అని రెండువైపులా నలిగిపోయే భర్తల్ని చాలామందిని చూశాను. హైదరాబాద్ వెళ్లే రోజు ఆయన్ని వరండాలో కూర్చోబెట్టకుండా లోపలికి తీసుకెళ్లండి. సర్జన్ బొమ్మ గీసి చూపిస్తుంటే ఆయన కూడా చూడాలి. ఆ రాత్రి ఇంట్లో మాట అదే మొదలవుతుంది.

ఇక మీ పాప సంగతి. 17 ఏళ్ల అమ్మాయికి ఇప్పుడు ఏ పరీక్షా వద్దు. ముందు మీ జన్యు పరీక్ష రానివ్వండి. మీలో లోపం ఉంటే అది పాపకి వచ్చే అవకాశం సగం. 18 దాటాక, తను సిద్ధపడినప్పుడు జెనెటిక్ కౌన్సిలర్‌తో మాట్లాడి చేయించుకోవచ్చు. తనకీ ఉంటే 25 ఏళ్ల నుంచి ఏటా ఎంఆర్‌ఐ మొదలుపెడతారు. మీలో లోపం లేకపోయినా, మీకు 43లో వచ్చింది కాబట్టి తనకి 33 వచ్చేసరికి మామోగ్రామ్‌లు మొదలుపెట్టమంటాం. అప్పటిదాకా తను చేయాల్సిందల్లా గడ్డో మార్పో కనిపిస్తే మీకు దాచకుండా చెప్పడం. మీరు కూడా మీ జబ్బు పేరు తనకి దాచకండి. పక్కగదిలో గుసగుసలు విని ఊహించుకోవడం కంటే మీ నోట వినడమే ఆ వయసు పిల్లకి నయం.